త్రాసువంటి పరీక్ష



మన పల్లెలనుండి అమెరికా దేశమునకు పైచదువులకై పోవ దలచు పిల్లలు జి.ఆర్.ఇ. యనియు, జీమ్యాట్ అనియు పేరుగల పరీక్షలు వ్రాయుచుండుట మీలో పలువు రెఱిగినదే. పరీక్షనుండి వచ్చిన మనుమని "ఎన్ని సరిగా వ్రాసితివిరా?" యని తాతగా రడుగుదురు. "మూడవవంతు పోయినట్లున్నవి, తాతయ్యా" యని వాడనును. అంతటితో ఆ యింట మాటలు సన్నగిల్లును. తాకట్టుపెట్టిన పొలము అందఱి మనస్సులలోను మెదలును. తాతగారి ప్రశ్న మన బడి పరీక్షలకు తగినదేగాని, వీనికి చాలదని నేడు మీకు విన్నవింప దలచితిని.

తూనికను తలపునకు దెచ్చుకొనుడు. సరకు నొక చిప్పలో నుంచి, రెండవ చిప్పలో కిలోరాయి వేయుదుము. సరకువైపు మొగ్గినచో ఇంకొక రాయి చేర్చుదుము. రాతివైపు మొగ్గినచో దానిని దీసి అరకిలోది వేయుదుము. ముల్లు నిలుచువఱకు ఇట్లే. కడపట ఎన్ని రాళ్ళు వేసితిమని ఎవ్వరును లెక్కింపరు. ఎంతటి రాళ్ళకు సరకు తూగినదో చూతురు.

జీమ్యాట్‌లో కంప్యూటరు చేయునది యిదియే. మొదట నడిమితరపు ప్రశ్న నిచ్చును. ఉత్తరము సరియైనచో కఠినతరమైనదియు, తప్పినచో సులభతరమైనదియు వచ్చును. కావున తెలివిగల బాలునికి క్రమముగా వాని శక్తికి సరిజోడైన ప్రశ్నలే యెదురగును. వానిలో కొన్ని తప్పిపోవుట సహజము. సులభమైనవి పది చెప్పినవానికిని, కఠినమైనవి పది చెప్పినవానికిని లెక్క యొకటే యైనను తూనిక యొకటి కాదు.

ఇది యంత్రముతో పుట్టిన విద్య కాదు. ఫ్రాన్సుదేశపు బినే పండితుడు, సిమోను అను నాతనితో గూడి 1905లో బాలుర బుద్ధిని కొలుచు ప్రశ్నలను గూర్చి, 1908లో వానిని వయస్సులవారీగా నమర్చెను. బాలుడు చెప్పగలిగినకొలది పైమెట్టునకు పోవుటయే యందలి పద్ధతి. మన పండితులు మాత్రము వేఱుగా చేసిరా? పద్యమున కర్థము చెప్పినవానిని సంధి యడుగుదురు, సంధి చెప్పినవానిని సమాస మడుగుదురు. తడబడినవానిని ప్రతిపదార్థమునకు దింపుదురు.

అయితే ప్రశ్న బరువు తెలియుటెట్లు? ముందుగా దానిని అనేకులచే వ్రాయించి చూతురు. డెన్మార్కు గణితజ్ఞుడు రాష్ 1960లో ప్రకటించిన సూత్రము ప్రకారము, విద్యార్థి శక్తియు ప్రశ్న కాఠిన్యమును సమానమైనచో ఉత్తరము సరిపడుట సగముపాలు; శక్తి మించినకొలది ఆ పాలు హెచ్చును. సరిజోడు ప్రశ్నయే వాని శక్తిని చక్కగా తెలుపును. మిక్కిలి సులభమైనదానివలన తెలియున దల్పము.

జి.ఆర్.ఇ. తీరు కొంత భిన్నము. 2011 ఆగస్టునుండి అందు ప్రశ్న ప్రశ్నకును మార్పు లేదు. భాగము భాగమునకే కలదు. గణితమున మొదటిభాగము 12 ప్రశ్నలు. అది బాగుగా వ్రాసినవానికి రెండవభాగపు 15 ప్రశ్నలు కఠినముగా వచ్చును. భాషాభాగమును నట్లే. సరియైన యుత్తరములను లెక్కించి, కాఠిన్యభేదమును సరిదిద్ది, 130 మొదలు 170 వఱకుగల కొలతలోనికి మార్తురు. తప్పునకు కోత లేదు గనుక దేనిని విడుచుట తెలివి గాదు. జీమ్యాట్ కొలత 205 మొదలు 805 వఱకు. అందు 64 ప్రశ్నలలో కొన్ని వ్రాయక మిగిల్చినచో నష్టము కలదు. రెండవభాగము కఠినముగా నున్నదని బాలుడు దిగులుపడినచో, అది చాలవఱకు శుభసూచకమే యని నా యభిప్రాయము.

వీనిలో ఉత్తీర్ణుడు, అనుత్తీర్ణుడు అను మాట లేదు. ఏ అంకె చాలునో ఆయా విశ్వవిద్యాలయములు నిర్ణయించుకొనును. వచ్చిన అంకె అయిదేండ్లు చెల్లును. చాలనిచో జి.ఆర్.ఇ.ని 21 దినముల పిదప మరల వ్రాయవచ్చును, పండ్రెండు నెలలలో అయిదుమార్లకు మించకుండ. ప్రతిమారును రుసుము వేఱు.