పక్షుల ఫొటోలకు ట్రైపాడు తల

పక్షులను ఫొటో తీయవలెనని ఉబలాటపడువారు మొదట కెమెరాను గురించియు, లెన్సును గురించియు విచారింతురు. ఆ రెంటిని మోయు ట్రైపాడును గురించి, అందులోను దాని తలను గురించి, ఆలోచించువారు తక్కువ. మూడు కాళ్ళకును కెమెరాకును నడుమ నుండి, కెమెరాను ఇరుప్రక్కలకు త్రిప్పుటకును, పైకి క్రిందికి వంచుటకును ఉపకరించు భాగమునకే తల యని పేరు. దీనిని పక్షుల ఫొటోలకు తగినట్లుగా ఎట్లు మార్చుకొనవచ్చునో శ్రోతలకు మనవి చేసెదను.

తొలినాళ్ళలో ఈ చిక్కు అంతగా లేదు. ఇంగ్లండులో రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అను సోదరులు 1895లో పక్షుల గూళ్ళను గురించి ఒక గ్రంథమును వెలువరించిరి. అందలి బొమ్మలు ఆరుబయట తీసిన ఫొటోలు. తరువాత వారు బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దాగి కూడ పక్షులను సమీపించిరి. గూటి యెదుట కెమెరాను నిలిపి కాచుకొనువారికి ట్రైపాడు కదలకుండిన చాలును. నేడు దూరమునుండియే తీయు పొడవైన లెన్సులు కలవు. కెమెరాతో కలిపి కొన్నిటి బరువు 4 కిలోల వరకు నుండును. ఎగురుచున్న పక్షిని వెన్నాడునపుడు అంత బరువును చులకనగా కదలవలెను, ఆపినచోట నిలువవలెను.

సాధారణమైన తలలో వంపునకు ఆధారమైన ఇరుసు క్రింద నుండును, బరువు దానిపై నుండును. 4 కిలోల బరువునకు కేంద్రము ఇరుసునకు 10 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనుకొందము. లెన్సును 30 డిగ్రీలు వంచినచో, 10 సెంటీమీటర్ల పొడవు గల కాడ చివర 2 కిలోలు వ్రేలాడగట్టినంత లాగుడు ఇరుసుపై పడును. దానిని ఆపుటకు మరను గట్టిగా బిగింపవలెను. బిగించినచో పక్షి తప్పిపోవును. వదలు చేసినచో లెన్సు దబ్బున ముందునకు వాలును. ఒక్కొక్కప్పుడు స్టాండు కూడ దానితో పడిపోవును. లక్షల విలువ గల లెన్సునకు అది మరమ్మతు లేని దెబ్బ కావచ్చును.

దీనికి ఉపాయము బరువును ఇరుసుపై నిలుపుట మాని, ఇరుసు ఎత్తుననే దానిని అమర్చుట. ఓడ ఎంత ఊగినను దిక్సూచి మట్టముగా నుండునట్లు ఇరుసుల నడుమ దానిని వ్రేలాడదీయుట పూర్వమునుండియు ఉన్నదే. గింబల్ అను పేర బజారులో దొరకు తలలు ఈ సూత్రముపైననే పనిచేయును. అంత వెల పెట్టలేనివారు లేతు పని తెలిసిన మంచి పనివానిచేత దీనిని చేయించుకొనవచ్చును.

దళసరి అల్యూమినియం పట్టీలతో 'ఎల్' ఆకారముగా ఒక చేయి చేయింపవలెను. దాని అడుగుభాగము స్టాండుపై తిరగలి పైరాయివలె తిరుగవలెను. నిలువు భాగము చివర బేరింగులో అడ్డ ఇరుసును అమర్చి, దానినుండి లెన్సును మోయు ఊయలను వ్రేలాడదీయవలెను. లెన్సు నడిభాగము సరిగా స్టాండు నడిమికి పైన నుండవలెను. ఊయలలోని పలకకు ముందు వెనుకలకు జరుగు వీలును, ఎత్తు తగ్గించు వీలును ఉండవలెను. పని అంతయు ఈ రెండు సవరింపులలోనే యున్నది.

కెమెరా మొదలు లెన్సు మూత వరకు, ఫొటో తీయునప్పుడు ఎట్లుండునో అట్లే అన్నియు అమర్చి, మర వదలు చేసి పరీక్షింపవలెను. మొదట లెన్సు ముక్కు వాలకుండ, తోక వాలకుండ త్రాసు ముల్లువలె మట్టముగా నిలుచువరకు పలకను జరుపవలెను. పిమ్మట లెన్సును 45 డిగ్రీలు పైకెత్తి విడువవలెను. అది తిరిగి మట్టమునకు వచ్చినచో బరువు ఇరుసునకు క్రిందుగా నున్నదన్నమాట. పలకను పైకి జరుపవలెను. ఇంకను వాలిపోయినచో బరువు ఇరుసునకు పైన నున్నదన్నమాట, పలకను దింపవలెను. విడిచినచోటనే నిలిచినపుడు తూకము కుదిరినట్లు. లెన్సు మార్చినను, సాగు లెన్సును సాచినను ఈ తూకము మారును.

మరి కొన్ని జాగ్రత్తలు కలవు. ఇరుసు మరీ తేలికగా తిరిగినచో గాలికి లెన్సు ఊగును. ఒక నైలాను వాషరు వేసి, కొద్ది రాపిడి కల్పింపవలెను. పలక రెండు చివరలను ఆపుమరలు లేనిదే లెన్సును నమ్మి విడువరాదు. ఒకే మరతో బిగించిన లెన్సు ప్రక్కకు తిరుగును గనుక రెండు మరలు మేలు. అడుగుభాగము రసమట్టముతో సరిచూడనిచో, త్రిప్పినకొలది చెరువుగట్టు ఒరిగినట్లు ఫొటోలో కనబడును.

ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చును. తిరుపతి జిల్లా నేలపట్టు చెరువులోని చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొనును. అట్టి చోట మనిషి మరలతో పెనుగులాడుచు, చేతులాడించుచు, ఇంకను దగ్గరకు జరిగినచో తల్లిపక్షులు బెదరి లేచును. ఆ కొద్దిసేపటిలో గ్రుడ్లను కాకులు ఎత్తుకొనిపోవచ్చును. ఈకలు రాని పిల్లలు ఎండకు మాడవచ్చును. తూకము కుదిరిన తలపై ఒక్క వ్రేలితో లెన్సు కదలును. మనిషి దూరముననే కదలక కూర్చుండగలడు. పక్షి తన పని తాను చేసికొనును. దాని యింట అలజడి రేపి తెచ్చిన చిత్రము ఎంత స్పష్టముగా నున్నను, మంచి చిత్రమనిపించుకొనదు.