శ్రమకాలమున పిడికెడు బియ్యము

భస్మ బుధవారము మొదలు ఈస్టరు వరకు, ఆదివారములు విడిచి, 40 దినములు మనము ఉపవాసముందుము. మానిన ఆ పూట అన్నము ఎవరి విస్తరి చేరినదో మాత్రము అరుదుగా విచారింతుము. కుండలోనే మిగిలినచో అది పొదుపే కాని ఉపవాసము కాదని యెషయా గ్రంథము 58వ అధ్యాయము చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మిజో క్రైస్తవ స్త్రీలు 1910లో ఒక పద్ధతి ఆరంభించిరి. వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి సంఘమునకై వేరుగ నుంతురు. మన పల్లె సంఘములకును ఇది క్రొత్త కాదు. పిడికెడు 50 గ్రాములనుకొన్నను, రోజునకొకమారు చొప్పున 100 ఇండ్లనుండి 40 దినములకు 2 క్వింటాళ్లగును.

అయితే 2013 నాటి ఆహార భద్రతా చట్టము వలన, కార్డున్న పేదలకు సాధారణముగ మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము అందుచున్నది. వారికి కొరవడునది పప్పు, నూనె. బియ్యము కార్డు లేని వలస కూలీలకు చేరవలెను. పొయ్యి రాజేసికొనలేని ఒంటరి వృద్ధులకు వండిన అన్నమే కావలెను. ఏ మతమని అడుగరాదు.

ఆరాధనలో పేర్లు చదివి పంచుట మాకు సమ్మతము కాదు. ఒకని ఆకలిని ఊరికి చాటనేల? ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇద్దరు స్త్రీలు సంచి గడపలో నుంచి వచ్చిన చాలును. ఎండలు ముదిరి కూలిపనులు సన్నగిల్లునది ఈస్టరు తరువాతనే. ఆ కుండను తొలకరి వరకు కదపకుండుట మేలు.