విద్యార్థి సహాయ నిధి – సరుకుల అమ్మకం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై ఏళ్లుగా కిరాణా దుకాణంలో తక్కెడ పట్టుకున్నవాణ్ణి. విద్యార్థుల కోసం ఏదైనా సరుకు అమ్మి నిధి కూడబెడితే ఎట్లా వుంటుందో చెప్పమని కార్యదర్శిగారు అడిగినారు. అమ్మకం సంగతి గనుక ఒప్పుకున్నాను. మరో విషయమైతే ఈ మైకు ముందుకు వచ్చేవాణ్ణి కాదు.

ముందుగా అవసరం ఏమిటో చూద్దాం. మన దామరచర్లలో, చుట్టుపక్కల వూళ్లలో పదవ తరగతి పాసై ఇంటర్‌కో, పాలిటెక్నిక్‌కో మిర్యాలగూడ దాకా పోవలసిన ఆడపిల్లలు వున్నారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు గనుక దారి ఖర్చు తప్పింది. తప్పనివి మాత్రం చాలా వున్నాయి. పరీక్ష ఫీజు, రికార్డు పుస్తకాలు, గైడ్లు, రెండు జతల బట్టలు, చెప్పులు. ఇవి ఒక్కొక్కటి చిన్న ఖర్చే. అన్నీ ఒకే నెలలో వచ్చి మీద పడితే, "చదివింది చాలులే బిడ్డా" అనే మాట ఇంట్లో పుడుతుంది. ఆ మాట పుట్టిన ఇళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. పేర్లు చెప్పను.

ఇప్పటిదాకా మనం చందా పుస్తకం పట్టుకుని తిరుగుతున్నాం. ఏటా అవే ఇళ్లు, అవే ముఖాలు. ఇచ్చేవారు మంచివారే గాని, నాలుగో ఏడు గుమ్మంలో మనం కనబడగానే "నమాజుకు పోయినారు" అని లోపలినుంచి జవాబు వస్తున్నది. అది వారి తప్పు కాదు. చందాకు ఒక హద్దు వుంటుంది. సరుకు అమ్మకానికి ఆ హద్దు లేదు, ఎందుకంటే కొన్నవాడు ఖాళీ చేతులతో పోడు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. కొనేవాణ్ణి దాతగా చూడకండి, గిరాకీగా చూడండి. పది రూపాయల వస్తువును "పిల్లల కోసం" అని చెప్పి ముప్పైకి అంటగడితే ఒక్క ఏడు కొంటాడు. పన్నెండు రూపాయల వస్తువును పదికి ఇచ్చి అందులో మనకు రూపాయి మిగుల్చుకుంటే, వచ్చే ఏడు వాడే మనల్ని వెతుక్కుంటూ వస్తాడు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. మన హైదరాబాదు నుమాయిష్ చూడండి. మీలో చూడనివారు తక్కువ. జనవరి ఒకటిన మొదలయ్యే ఆ సందడి ఎందుకు పుట్టిందో ఎంతమందికి తెలుసు? 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రుల సంఘంవారు హైదరాబాదు రాజ్యంలో ఒక ఆర్థిక సర్వే జరిపించాలని తలపెట్టినారు. సర్వేకు డబ్బు లేదు. చందాలు అడిగే బదులు, స్వదేశీ వస్తువుల ప్రదర్శన ఒకటి పెడదామనుకున్నారు. బాగె ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, సుమారు వంద దుకాణాలతో పది రోజులపాటు నడిపినారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించినాడు. జనం పెరిగి స్థలం చాలక 1946లో నాంపల్లిలో ఇప్పుడున్న మైదానానికి మారింది. తరువాత అల్లకల్లోలపు రోజుల్లో ఆగిపోయి 1949లో మళ్లీ మొదలైంది. ఇవాళ ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలను నడిపిస్తున్నది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ సొసైటీ నడిపేవే. కశ్మీరు శాలువా బేరమాడి కొనుక్కున్న ఇల్లాలికి, మిర్చి బజ్జీ తిని జెయింట్ వీల్ ఎక్కిన కుర్రవాడికి, తాము ఒక ఆడపిల్ల కాలేజీకి సాయం చేస్తున్నామని తోచనే తోచదు. ఎనభై ఏళ్లు దాటినా అది ఎందుకు నిలిచిందని ఆలోచిస్తే నాకు కనబడే కారణం అదే. ఎవరి మీదా బరువు పడలేదు.

అంతకు ముందు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ వున్నాడు. 1875లో అలీగఢ్‌లో మదర్సా మొదలుపెట్టి, దాన్ని కాలేజీ చేయడానికి ఆయన పడని పాటు లేదు. నుమాయిష్‌లో పుస్తకాల దుకాణం పెట్టి తానే కూర్చుని అమ్మినాడు, తన ఫోటోలు అమ్మించినాడు, లాటరీ కూడా వేయించినాడు. అంత పెద్ద మనిషి అంగట్లో కూర్చున్నాడు గదా, మనకు మొహమాటం దేనికి? అయితే లాటరీ సంగతి మాత్రం మనకు వద్దు. లక్కీ డ్రా టిక్కెట్లు అచ్చువేద్దామని మన కుర్రవాళ్లు కొందరు అంటున్నారు. ఒకరికి ప్రెషర్ కుక్కరు, వందమందికి చిత్తుకాగితం. అది అమ్మకం కాదు.

ఇక ఏమి అమ్మాలి? ప్రతి ఇంట్లో ఎట్లాగూ కొనే వస్తువే అమ్మాలి. అగరొత్తులు, గోడ గడియారాలు, ప్లాస్టిక్ పూలు తెస్తే గోడౌనులో మిగులుతాయి. మనకు కృష్ణ దాటితే పల్నాడు, మిరపకు పుట్టిల్లు. మార్చి, ఏప్రిల్‌లో ఏడాదికి సరిపడా కారం ఆడించుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. కారం మంచి సరుకే. కాని తినే వస్తువు అమ్మేటప్పుడు 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం చిన్న అమ్మకందారుకు కూడా రిజిస్ట్రేషన్ వుండాలి, పొట్లం మీద తూకం, ధర, తయారైన తేదీ వుండాలి. మొదటి ఏడు అంత బరువు ఎత్తుకోవద్దని నా సలహా. నోట్‌బుక్కులతో మొదలుపెడదాం. చెడిపోవు, పిల్లలున్న ప్రతి ఇంటికీ కావాలి, జూన్ 12న బడులు తెరిచే వేళ అందరూ ఒకేసారి కొంటారు. పైగా నోట్‌బుక్కుల మీద వున్న 12 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తివేసినారు. టోకు వ్యాపారి దగ్గర ఆ తగ్గింపు మనకు వచ్చిందా లేదా అడిగి చూసుకోవాలి.

ఇప్పుడు కొంచెం లెక్క చెబుతాను, విసుగుపడకండి. మాటవరుసకు, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు అట్ట మీద ధర 60 రూపాయలు. వెయ్యి పుస్తకాలు ఒకేసారి తీసుకుంటే మనకు 42కు దొరికిందనుకోండి. మనం 50కి అమ్ముదాం. పెట్టుబడి 42 వేలు, ఆటో కిరాయి, కూలి 1,200. మొత్తం 43,200. వెయ్యీ అమ్ముడైతే 50 వేలు వస్తుంది, 6,800 మిగులుతుంది. "పుస్తకానికి ఎనిమిది రూపాయల లాభం" అని మనం సంబరపడతాం. కాని 43,200ను 50తో భాగించి చూడండి, 864 వస్తుంది. అంటే 864 పుస్తకాలు అమ్మినదాకా నిధికి ఒక్క పైసా లేదు, మన డబ్బు మనకు వచ్చిందంతే. ఆడపిల్ల పరీక్ష ఫీజు వున్నది చివరి 136 పుస్తకాలలో. ఆ 136 మూలన పడి చెదలు పట్టినా, "తరువాత ఇస్తాలే అన్నా" అని ఉద్దెర పోయినా, మనం రెండు వారాలు ఎండలో కూర్చున్నది పుణ్యానికే అన్నమాట.

అందుకే రెండు పనులు చేయాలి. ఒకటి, మే నెలలోనే ఇంటింటికి ఎన్ని కావాలో రాసుకుని, ఆ లెక్క ప్రకారమే సరుకు తేవాలి. మిగిలినవి కట్ట విప్పకుండా వాపసు తీసుకుంటానని టోకు వ్యాపారి చేత ముందే ఒప్పించుకోవాలి. పది రూపాయలు ఎక్కువైనా సరే, వాపసు తీసుకునేవాడి దగ్గరే కొనాలి. రెండోది, ఉద్దెర లేదు. అధ్యక్షులవారికి కూడా లేదు. (నవ్వులు) నా దుకాణంలో ఉద్దెర ఇస్తాను, అది నా సొమ్ము. ఇది పిల్లల సొమ్ము. నిజంగా కొనలేని ఇల్లు వుంటే పుస్తకాలు వుచితంగా ఇచ్చి సహాయం పద్దులో రాద్దాం. అమ్మకం పద్దులో బాకీగా మాత్రం వుండరాదు.

అమెరికాలో గర్ల్ స్కౌట్లు అని ఆడపిల్లల సంఘం వున్నది. 1917లో ఓక్లహోమా రాష్ట్రంలో మస్కోగీ అనే వూళ్లో వారి దళం ఒకటి ఇంట్లో బిస్కట్లు కాల్చి హైస్కూలు భోజనశాలలో అమ్మింది. 1922లో వారి పత్రికలో తయారీ విధానం అచ్చువేసి, ఆరేడు డజన్లకు సామాన్ల ఖర్చు 26 నుంచి 36 సెంట్లు, డజను 25 నుంచి 30 సెంట్లకు అమ్మవచ్చు అని లెక్క కూడా ఇచ్చినారు. చూడండి, ఖర్చు ఎంతో పిల్లలకు ముందే చెప్పినారు. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర, పిండి, వెన్న దొరకనప్పుడు క్యాలెండర్లు అమ్మినారు. నాకు నచ్చింది ఆ లెక్క కాగితమే. మన డిగ్రీ చదివే పిల్లల చేత ఈ అమ్మకం చిట్టా రాయిద్దాం. వాళ్ల కామర్సు పుస్తకంలో లేని సంగతులు నాలుగు తెలుస్తాయి.

పిల్లల మాట వచ్చింది గనుక ఇది గట్టిగా చెప్పాలి. మాకు తెలిసిన ఒక హమాలీ కూతురు చదివే స్కూలువారు, పిల్ల చేతికి ఇరవై కూపన్లు ఇచ్చి అమ్ముకు రమ్మన్నారు. ఆ పిల్ల నాలుగు గడపలు తిరిగి, ఎవరూ కొనక, ఏడుస్తూ ఇంటికి వచ్చింది. మిల్లులో బస్తాలు మోసే తండ్రి రెండు రోజుల కూలి పెట్టి కూపన్లన్నీ తానే కొన్నాడు. బీదపిల్లల సహాయానికట అవి! ఎవరు ఎవరికి సహాయం చేసినట్టు?

మన హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్‌గారికి ఈ ప్రమాదం ఎప్పుడో తెలుసు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ, పిల్లలు చేతిపనితో తయారుచేసిన వస్తువులు అమ్మి బడి తన ఖర్చు తాను గడుపుకోవాలని ప్రతిపాదించినాడు. ఆ పథకం తయారుచేసే సంఘానికి జాకిర్ హుస్సేన్‌గారే అధ్యక్షులు. ఆ సంఘం తన నివేదికలో, రాబడి మీద ధ్యాస పెరిగి చదువు వెనకబడే అపాయం వున్నదని స్పష్టంగా హెచ్చరించింది. అమ్మకాన్ని ఒప్పుకున్నవారే ఆ మాట చెప్పినారు, గమనించండి. కాబట్టి మన పద్ధతిలో పిల్లలను ఇళ్లమీదికి పంపవద్దు. ఒక్కొక్కరికి ఇన్ని అమ్మాలని వంతులు పెట్టవద్దు. ఎక్కువ అమ్మినవాడికి బహుమతి వద్దు. పెద్ద పిల్లలు ఇష్టపడి దుకాణంలో కూర్చుంటే కూర్చోనీయండి, పక్కన ఇద్దరు పెద్దలు వుండాలి. సహాయం పొందే పిల్లల పేర్లు బ్యానరు మీద, ఫోటోల్లో ఎక్కడా కనబడరాదు.

పెట్టుబడి ఎక్కడిది అని అడుగుతారు. జకాత్ పైసలు ఇందులో పెట్టవద్దు. దాని హక్కుదారులు వేరు, రేపు నష్టం వస్తే ఎవరి సొమ్ము పోయినట్టు? నలభైనాలుగు మంది సభ్యులు తలా వెయ్యి రూపాయలు చేబదులు ఇస్తే 44 వేలు అవుతుంది. ముందు ఆ చేబదులు తీర్చి, తరువాతే లాభం లెక్కిద్దాం. యాభై రూపాయల పుస్తకానికి ఎవరైనా పెద్దమనసుతో వంద ఇస్తే, యాభైకి అమ్మకం రసీదు, యాభైకి విరాళం రసీదు, రెండూ వేరువేరుగా ఇవ్వాలి. ఫోనుతో చెల్లించేవారికి సంఘం ఖాతా క్యూఆర్ కోడే చూపించాలి, కూర్చున్నవాడి సొంత ఫోను నంబరు కాదు. ప్రతి సాయంత్రం దుకాణం కట్టేవేళ ఇద్దరు కలిసి నగదు, సరుకు లెక్క చూసి సంతకాలు చేయాలి. అన్నదమ్ములైనా సరే, సంతకం సంతకమే. జూలై మొదటి శుక్రవారానికి జమాఖర్చులు నోటీసు బోర్డు మీద వుండాలి, మిగిలిన పుస్తకాల సంఖ్యతో సహా.

6,800తో ఎంతమంది చదువుతారు అని ఒకరు నన్ను నిన్ననే అడిగినారు. తక్కువే, ఒప్పుకుంటాను. ఒకరిద్దరు పిల్లల జూన్ నెల గండం గడుస్తుంది. రెండో ఏడు ఆ లాభాన్ని ఖర్చుపెట్టక ముందే మళ్లీ నలభైనాలుగు మంది చేబదులు ఇస్తారా, ముప్పైమంది చాలా అన్నది అప్పుడు తేలుతుంది.

మే నెలలో ఇంటింటి లెక్క రాయడానికి వీధికి ఒకరు చొప్పున మనుషులు కావాలి. ఆడవాళ్లు ముందుకు వస్తే పని తొందరగా తెములుతుంది, ఎన్ని పుస్తకాలు కావాలో ఇంట్లో తెలిసేది వాళ్లకే. సభ ముగిశాక కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి. మిర్యాలగూడ పోయి ముగ్గురు టోకు వ్యాపారుల దగ్గర ధర కనుక్కుని వచ్చే పని నాది. సెలవు.