ఆదాయ వ్యయములు – గృహస్థ ధర్మము



ప్రతి సంవత్సరము ఉగాదినాడు ఈ మండపములోనే మేము పంచాంగ శ్రవణము చేయుచున్నాము. తిథి వార నక్షత్రములు చదువునంతసేపు అటునిటు చూచుచుండువారు సైతము రాశుల ఆదాయ వ్యయములు వచ్చుసరికి చెవులు నిక్కించి కూర్చుందురు. ఆదాయము 2, వ్యయము 14 అని విన్నవారు నిట్టూర్తురు. ఆదాయము 14, వ్యయము 2 అని విన్నవారు ప్రక్కవారివైపు చూచి చిరునవ్వు నవ్వుదురు. మరునాడు ఆ ఇరువురును ఒకే కొట్టులో అప్పు పద్దు వ్రాయింతురు! రాశికి లెక్క పంచాంగకర్త కట్టినాడు. ఇంటికి లెక్క ఎవరు కట్టవలెను?

గత కార్తికమాసములో ప్రసంగము ముగిసిన పిమ్మట ఒక గృహస్థు మావద్దకు వచ్చి, "శాస్త్రిగారూ, దానం చెయ్యమంటారు, అతిథికి పెట్టమంటారు. ఇరవయ్యో తారీకు వచ్చేసరికి మా ఇంట్లో పాలవాడికి ఇవ్వడానికి చిల్లర ఉండదు. మేం ఏం చెయ్యాలి?" అని అడిగినాడు. ఆ ప్రశ్న ఎగతాళికి అడిగినది కాదు. ఆయన కన్నులలో నీరు చూచితిమి. ఆనాడు పొడిగా ఏదో చెప్పి పంపితిమి గాని, మాకే తృప్తి కలుగలేదు. ఇప్పుడు చెప్పునది ఆయనకు సమాధానము.

ధనమును గూర్చి మాటలాడుట వైదికులకు తగదని కొందరి అభిప్రాయము. మన స్మృతికర్తలకు ఆ సంకోచము లేదు. గాదెనిండ ధాన్యము గలవాడు, కుండెడు ధాన్యము గలవాడు, మూడు దినములకు చాలునంత గలవాడు, రేపటికి లేనివాడు అని మనువు గృహస్థులను నాలుగు విధములుగా చెప్పినాడు. మనలో ప్రతివాడును తాను ఈ నలుగురిలో ఎవడో తెలిసికొనుట మొదటి పని. కుండెడు ధాన్యము గలవాడు గాదె గలవానివలె వ్యయము చేయుటచేతనే చిక్కులన్నియు వచ్చుచున్నవి.

భాగవతములో శుక్రాచార్యులు బలిచక్రవర్తికి చెప్పిన మాట ఒకటి కలదు. ధర్మమునకు, కీర్తికి, మరల ధనార్జనకు, తన సుఖమునకు, తనవారికి అని విత్తమును ఐదు విధములుగా విభజింపవలెనట. జీవనాధారమునే హరించు దానమును పెద్దలు మెచ్చరని కూడ ఆయన హెచ్చరించినాడు. బలి వినలేదు. నిజమే. కాని ఆయన ఎదుట నిలిచినవాడు సాక్షాత్తు వామనమూర్తి. మన ఎదుట నిలుచువాడు కల్యాణమంటపపు గుమాస్తా! వానికి సర్వస్వమును ధారపోసినచో మోక్షము రాదు, అప్పులవాడు వచ్చును.

అప్పు సంగతియు స్మృతులలో కలదు. నెలకు ఎనుబదవ వంతు వడ్డీ వసిష్ఠుడు విధించినాడని మనువు చెప్పినాడు. అనగా మన వాడుకలో నూటికి రూపాయి పావలా. నూటికి రెండు తీసికొన్నను దోషము లేదని కూడ అన్నాడు. నేటికిని మన ఊళ్ళలో "రెండు రూపాయల వడ్డీ" అనునది అదియే. లక్ష రూపాయలకు సంవత్సరమునకు 24,000 రూపాయలు. ఇప్పుడు ప్రోనోటు కూడ అక్కరలేకుండ, సెల్ ఫోనుమీద వ్రేలు ఆనించినంతనే అప్పు పుట్టుచున్నది. ఋగ్వేదము పదవ మండలములోని జూదరి సూక్తములో అప్పులపాలైన జూదరి భయపడుచు రాత్రివేళ పరుల ఇండ్లకు పోవుట వర్ణింపబడినది. పరుల ఇంటికి పోవలసిన శ్రమ ఒకటి తప్పినది గాని, ఆ భయము తప్పలేదు.

ఇక లెక్క ఎవరి చేతిలో ఉండవలెను? ధనమును కూర్చుటయందును వ్యయము చేయుటయందును భార్యను నియోగింపుమని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. మనువును తమకు అనుకూలమైన చోటులందు ఉదాహరించు పురుషులు ఈ చోటును చదువకుండ దాటిపోవుదురు. వాత్స్యాయనుని కామసూత్రము పేరు వినగానే ముఖము త్రిప్పుకొనువారికి ఒక సంగతి చెప్పుదుము. సంవత్సరమునకు వచ్చు ఆదాయమును లెక్కించి దానికి తగిన వ్యయము చేయుట గృహిణి పని అని అందు స్పష్టముగా ఉన్నది. మన తల్లులు ఆ గ్రంథము చదువలేదు, ఆచరించినారు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు పోపుల పెట్టెలనుండి, బియ్యపు డబ్బాలనుండి ఎంత ధనము వెలికి వచ్చినదో మనము చూచితిమి గదా! అది భర్తలకు తెలియకుండ, భర్తలకొరకే దాచినది.

ఈ మాట చెప్పుటకు మాకు అర్హత ఎట్లు వచ్చినదో కూడ చెప్పవలెను. 1999లో మా జ్యేష్ఠ కుమార్తె వివాహము జరిగినది. మగపెళ్ళివారు ఏమియు అడుగలేదు. వారు అడుగకున్నను, నలుగురిలో తక్కువ కారాదని మేమే ఒక వర్తకునివద్ద 40,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిమి. ఈ సంగతి మా సహధర్మచారిణికి చెప్పలేదు. 26 నెలలు వడ్డీ మాత్రము కట్టితిమి. 20,800 రూపాయలు పోయినవి, అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. ఇరువది యేడవ నెల వడ్డీ ఆలస్యము కాగా, మేము పాఠము చెప్పుచున్న సమయమున గుమాస్తా ఇంటికి వచ్చినాడు. ఆమె అతనికి మజ్జిగ ఇచ్చి సంగతి అంతయు తెలిసికొన్నది.

ఆ రాత్రి మాకు అన్నము వడ్డించి, "ఏమండీ, పిల్ల పెళ్ళికి అప్పు చేశారని నాకు కోపం లేదు. రెండేళ్ళుగా నేను తెలియక పాలు లీటరు పోయించుకుంటున్నాను, పండక్కి చీర కొనిపించుకున్నాను. మీరు చూస్తూ ఎలా ఊరుకున్నారండీ?" అని అడిగినది. వేదములో సందేహము అడిగినచో చెప్పగలము. దీనికి మావద్ద సమాధానము లేకపోయినది.

మరునాడు మా అబ్బాయి సగము వ్రాసి విడిచిన నోటుపుస్తకములో ఆమె పద్దులు వ్రాయ మొదలిడినది. పాఠశాల జీతము, సంభావనలు ఒక వైపు; పైసాతో సహా వ్యయము మరియొక వైపు. నెల తిరుగుసరికి పెద్ద వ్యయములకన్న చిన్నవియే ఎక్కువ తినివేయుచున్నట్లు బయటపడినది. రిక్షా, రెండవసారి కాఫీ, పండుగకు ఐదు పిండివంటలు, మా ముక్కుపొడుము. దానికి నెలకు 90 రూపాయలు! మొదట కొట్టివేసిన పద్దు అదియే. అప్పుడు మేము పౌరుషముతో, "గురువారం వచ్చే పిల్లవాడి భోజనం కూడా మానిపిద్దాం" అంటిమి. వారములు చేసికొని చదువుకొను బీద విద్యార్థి యొకడు ఆ దినమున మా ఇంట భోజనము చేయుచుండెను. "మీరూ అలా వారాలు చెప్పుకునే కదా చదువుకున్నారు. ఆ పద్దు జోలికి రాకండి" అన్నది ఆమె. మా అత్తగారి పాలను కూడ తగ్గింపలేదు. ఆ రెండు తప్ప తక్కిన ప్రతి పద్దుమీదను ఆమె కలము పడినది.

వడ్డీ పోను నెలకు వేయి రూపాయల చొప్పున అసలు తీర్చుటకు 40 నెలలు పట్టినది. మొత్తము వడ్డీ 37,200 రూపాయలు. ఒక పెండ్లికి ఇంచుమించు రెండు పెండ్లిళ్ళ వ్యయము చేసితిమన్నమాట. ప్రోనోటు చేతికి వచ్చిన రాత్రి ఆమె పుస్తకము తెరచి, ముక్కుపొడుము ఎదుట చాలకాలముగా ఉన్న సున్నను చూచి, "ఇక కొనుక్కోండి" అన్నది. అప్పటికి ఆ అలవాటు పోయినది. ఆ 90 రూపాయలను గురువారపు పద్దులో కలుపుమంటిమి.

హారతి వేళ అయినది. కార్తికములో ప్రశ్న అడిగిన ఆ గృహస్థు ఇక్కడ ఉన్నచో ప్రసాదము తీసికొని ఒక్క క్షణము ఆగవలెను. మా ఇంట ఆ పుస్తకము ఇంకను ఉన్నది, చూపెదము. స్వస్తి.