వరి కోసిన మడిలో పిల్లిపెసర
(పాల సంఘ సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠం)



ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు వరకు వరి కోతలు కాగానే గొడ్లను మళ్లలోకి వదిలేయడం ఆనవాయితీ. ఇంటికొస్తే వరిగడ్డి. అది కడుపు నింపుతుందే గాని పాలు పెంచదు. అందులో మాంసకృత్తులు నూటికి 4 పాళ్లే.

ఈ లోటుకు మన పెద్దలెరిగిన పిల్లిపెసరే మందు. వరి కోతకు నాలుగైదు రోజుల ముందు, మడిలో పదునుండగా, ఎకరాకు సుమారు 10 కిలోల విత్తనం చల్లండి. దున్నే పనిలేదు. పూత దశలో కోసి, వాడనిచ్చి, వరిగడ్డితో కలిపి వేయండి. పచ్చిది ఒక్కటే పెడితే కడుపుబ్బరం వస్తుంది.

దీని వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకందిస్తాయి. అయితే మేతంతా కోసుకుపోతే మడికి మిగిలేది కొద్దే. కాబట్టి తొలి కోత పశువుకు, మళ్లీ చిగిర్చింది నేలకు. తడి ఉండగానే కలియదున్నండి. పేడ ఎరువూ ఆ మడికే చేరాలి.

ఒక్కరే చల్లితే ఊరి గొడ్లు మేసిపోతాయి. కావున పక్కపక్క మళ్లవారంతా ఒకేసారి చల్లాలి. కోత అయ్యేదాకా గొడ్లను కట్టివేయాలి, కావలి ఖర్చు పంచుకోవాలి. ఈ కట్టుబాటును కోతలకు ముందే సంఘం తీర్మాన పుస్తకంలో రాసుకోవలసిందిగా నా మనవి.