చాటు జబ్బుకు మొగమాటం వద్దు
(ఇచ్ఛాపురం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరయినవాణ్ణి. అయినా మన మగవాళ్లు నోరు విప్పని సంగతి ఒకటి చెప్పాలి: మర్మాంగం మీది చర్మం.

వృషణాల తిత్తి మీద వయసుతో వచ్చే ఎర్రటి, నల్లటి చుక్కలు చాలావరకు హాని చేయవు. గజ్జల్లో తామర వేరు. షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబుతో దురద నాలుగు రోజులు తగ్గుతుంది, తామర మాత్రం పాకుతుంది.

ముందుతోలు ఎర్రబడి, పగిలి, వెనక్కి రాకపోతే షుగరు పరీక్ష చేయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి, దానితో అక్కడ ఫంగస్ పట్టవచ్చు. ఈ మాత్ర కిడ్నీ రోగులకూ ఇస్తున్నారు గనుక మన ఉద్దానంవారు గుర్తుంచుకోవాలి. సొంతంగా మానేయకండి, డాక్టరుతో చెప్పండి.

నొప్పిలేని పుండంటేనే నాకు భయం. పుండు గాని, గడ్డ గాని మూడు వారాల్లో తగ్గకపోతే చూపించండి. క్యాన్సరైనా తొలిదశలో అవయవాన్ని నిలబెట్టగలరు. వెనక్కి లాగిన తోలు ముందుకు రాక వాచినా, జ్వరంతో వాపు, నలుపు కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. మన ఊరికి శ్రీకాకుళం కంటే బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గర.

ఓపీలో డాక్టరమ్మ ఉన్నారని తిరిగి రాకండి, ఆవిడకిది రోజూ చూసే పనే.