మతిమరుపు ఉన్న పెద్దవారిని మంచానికే వదిలేయొద్దు

(పింఛన్ల పంపిణీ పూర్తయ్యాక గ్రామ సచివాలయం దగ్గర చేసిన ప్రసంగ పాఠం)



ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను రూ.4,000 ప్రతి నెలా మీ ఇంటికే వస్తోంది. డబ్బు గడప దాటి లోపలికి వస్తోంది సరే, మన పెద్దవాళ్లు గడప దాటి బయటికి వస్తున్నారా? ఈరోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

మా నాయనమ్మకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు వచ్చింది. పడిపోతుందేమోనని భయపడి, మంచం మీదే కూర్చోబెట్టి అన్నీ చేతికి అందించాం. ప్రేమతోనే చేశాం. కొన్ని నెలలకు తనంతట తాను లేవలేకపోయింది. తర్వాత గట్టిగా దగ్గే బలమూ పోయింది. చివరికి న్యుమోనియాతో ఆసుపత్రిలో చేర్చాం. అసలు విషయం డాక్టరుగారు చెప్పాకే మాకు తెలిసింది.

ఊపిరి తీయడం కూడా కండరాల పనే. కదలిక తగ్గితే కాళ్లలాగే ఆ కండరాలూ నీరసిస్తాయి. ఊపిరి పైపైనే ఆడుతుంది, కఫం లోపలే ఉండిపోతుంది. జబ్బు ముదిరితే మింగడమూ కష్టమై అన్నం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డిమెన్షియా ఉన్నవారి మరణాలకు న్యుమోనియా ఒక ముఖ్య కారణం.

మీరు చేయాల్సినవి ఇవీ:

• రోజూ చేయి పట్టుకుని కాసేపు నడిపించండి. నడవలేకపోతే, పట్టుకుని కుర్చీలోంచి నాలుగైదుసార్లు లేచి కూర్చునేలా చూడండి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారికి ముందు డాక్టరును అడగండి.

• "గాలి పీల్చు" అంటే వారికి అర్థం కాకపోవచ్చు. ఎదురుగా కూర్చుని చేసి చూపించండి. వేడి పాలు ఊదినట్టు మెల్లగా ఊదించండి. తెలిసిన భజనో పాటో మీరు అందుకోండి, వారూ గొంతు కలుపుతారు. అదీ ఊపిరికి మేలే.

• నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టండి. నిద్రమత్తులో తినిపించొద్దు. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. రోజూ నోరు శుభ్రం చేయండి.

ఆయాసం వచ్చినా వారు చెప్పలేరు, మీరే కనిపెట్టాలి. ఊపిరి వేగంగా ఆడినా, పెదాలు నీలంగా మారినా, ఉన్నట్టుండి మగతగా పడి ఉన్నా, ఎన్నడూ లేనంత తికమక పడుతున్నా ఆలస్యం చేయొద్దు. 108కి ఫోన్ చేయండి. జ్వరం లేకపోయినా న్యుమోనియా కావచ్చు.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు. దానితో నమోదైన ఆసుపత్రుల్లో ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం ఉంటుంది. పెద్దల సమస్యలకు 14567, చూసుకునేవారి మనసు బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి.

నా పేరు మరిచిపోయాక కూడా, చేయి చాస్తే నాయనమ్మ పట్టుకుని లేచి నిలబడేది. ఆ చేయి నేను రోజూ చాచి ఉండాల్సింది. మీకింకా సమయం ఉంది. ఈ సాయంత్రమే మీ పెద్దవారిని గడప దాకా నడిపించండి.

సెలవు.